పాయింటు మీద బోగీ ఎందుకు దిగిపోతుంది: పట్టాలు వేయడం, టర్నౌట్ సొంతంగా కట్టడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో (1:87), మోడల్ రైల్వే లేఅవుట్ మొదలుపెట్టారు. ఫ్లెక్స్ ట్రాక్‌తో, అంటే చేత్తో వంచగలిగే పొడవాటి పట్టా ముక్కలతో, వేసిన వంపుల్లో అతుకుల దగ్గర పట్టా మూల తిరిగింది. కొన్న టర్నౌట్ల మీద, అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్ల మీద, పొడవాటి బోగీలు పట్టాలు దిగిపోతున్నాయి, చిన్న ఇంజిన్లు ఆగిపోతున్నాయి. ఇవన్నీ పీకేసి టర్నౌట్లు సొంతంగా కట్టుకోవడం మేలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే ఏదీ పీకకండి. ముందు ఒక బోగీని తీసుకుని, కరెంటు ఆపేసి, టర్నౌట్ మీద వేలితో మెల్లగా తోయండి. తల పట్టా ఎత్తుకు దించి, ఒకే ఒక్క చక్రాన్ని చూస్తూ తోయండి. అది ఎక్కడ ఎగిరింది, ఎక్కడ పక్కకు లాగింది, ఎక్కడ గుంటలో పడినట్టు టక్కుమంది, ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పదిసార్లు తోస్తే పదిసార్లూ ఒకే చోట దిగితే తప్పు పట్టాది. ఒకే బోగీ అన్ని టర్నౌట్ల మీదా దిగుతుంటే తప్పు చాలావరకు దాని చక్రాలది. ఈ తేడా తెలియకుండా ఆకురాయి పట్టుకుంటే బాగున్న టర్నౌట్ కూడా పాడవుతుంది. మొదట్లో నేను అదే చేశాను. నెల రోజులు ఒక టర్నౌట్‌ను అరగదీశాక, అసలు ఆ బోగీ చక్రాలే ఇరుసు మీద లోపలికి జరిగి ఉన్నాయని తెలిసింది.

కాబట్టి మొదటి పని చక్రాలు కొలవడం. హెచ్‌ఓలో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 16.5 మి.మీ. ఇరుసు మీద రెండు చక్రాల వెనక, అంటే లోపలి, వైపుల మధ్య దూరం సుమారు 14.5 మి.మీ. ఉండాలి. అమెరికాలో 1935లో ఏర్పడిన ఎన్‌ఎంఆర్‌ఏ అనే మోడల్ రైల్వే సంఘం ఈ కొలతలకు ప్రమాణాలు పెట్టింది. వాటి ప్రకారం కోసిన చిన్న రేకు గేజ్ ఒకటి దొరుకుతుంది. పట్టాల మధ్య దూరం, చక్రాల మధ్య దూరం, ఫ్లాంజ్ (చక్రం లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచు) దూరే సందు, అన్నీ దానితోనే చూసుకోవచ్చు. ఈ పనిలో మీరు కొనే మొదటి పనిముట్టు అదే కావాలి. ఇంజిన్ కన్నా ముందు కొన్నా తప్పులేదు. చక్రాలు లోపలికి జరిగి ఉంటే ఇరుసు పట్టుకుని కొంచెం తిప్పుతూ బయటికి లాగితే సర్దుకుంటాయి.

ఇప్పుడు వంపులు. ఫ్లెక్స్ ట్రాక్‌ను విడివిడిగా వంచి, ఆ తర్వాత అతుకు దగ్గర కలిపితే మూల తిరగక మానదు. కారణం సులువు. పట్టా తన చివరి రెండు అంగుళాలు వంగడానికి ఒప్పుకోదు, నిటారుగానే, అంటే వంపు లేకుండా తిన్నగానే, నిలుస్తుంది. అలాంటి రెండు నిటారు చివరలు ఎదురెదురుగా వస్తే అక్కడ వంపు ఉండదు, కోణం ఉంటుంది. అందుకే రెండు ముక్కలను బల్ల మీద ఒకే గీతలో తిన్నగా పెట్టి, జాయినర్లు (రెండు పట్టా చివరలను కలిపే చిన్న రేకు తొడుగులు) తొడిగి, సోల్డర్ చేసి, ఒకే ముక్కలా వంచండి. ఫ్లెక్స్ ట్రాక్‌లో చాలా రకాలకు ఒక పట్టా స్లీపర్లకు (పట్టాల కింద అడ్డంగా ఉండే బద్దలకు) బిగుతుగా ఉంటుంది, రెండోది జారుతుంది. జారే పట్టాను వంపు లోపలి వైపు ఉంచండి. వంచాక అది చివర బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని కోసేయండి. కోసిన చివరను పైన, పక్కన, అడుగున ఆకురాయితో నున్నగా చేయకుండా జాయినర్ తొడగకండి. ఆ చిన్న గరుకే జాయినర్‌ను పైకి లేపి, చక్రానికి గట్టులా తగులుతుంది.

నిటారు నుంచి ఒక్కసారిగా వంపులోకి వెళితే పొడవాటి బోగీ జెర్క్ ఇస్తుంది, కప్లింగులు పక్కకు లాగుతాయి. మధ్యలో మెల్లగా పెరిగే వంపు కావాలి. దీనికి లెక్కలు పెద్దగా అక్కర్లేదు. 610 మి.మీ. వ్యాసార్థం ఉన్న వంపు వేస్తున్నారనుకోండి. ఆ వృత్తం నిటారు గీతను తాకేలా గీయకుండా, 11 మి.మీ. లోపలికి జరిపి గీయండి. తర్వాత గీతకూ వృత్తానికీ మధ్య సుమారు 400 మి.మీ. పొడవున ఒక సన్నటి చెక్క బద్దను వంచి పట్టుకుని, దాని వెంట గీత గీయండి. బద్ద తనంతట తానే సరైన వంపు తీసుకుంటుంది. వ్యాసార్థం ఎంత ఉండాలంటే, మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీకి కనీసం మూడింతలు. అంతకన్నా తగ్గితే ఎంత శ్రద్ధగా వేసినా ఫలితం ఉండదు. ఒక వంపు నుంచి ఎదురు వంపులోకి వెళ్లే చోట మధ్యలో కనీసం ఒక బోగీ పొడవంత నిటారు ముక్క ఉంచండి. ఇది మీ సమస్యలో సగం కావచ్చు. పక్కపక్క దారులను కలపడానికి రెండు టర్నౌట్లు కలిపి వేసిన క్రాసోవర్ కూడా ఎదురెదురు వంపే. చిన్న నంబరు టర్నౌట్లతో, అంటే దారి ఎక్కువ కోణంలో విడిపోయే వాటితో, వేస్తే పొడవాటి బోగీలు అక్కడే దిగుతాయి.

పట్టాలను బల్లకు బిగించేటప్పుడు మేకులు లోతుగా కొట్టకండి. మేకు తల స్లీపర్‌ను నొక్కితే స్లీపర్ మధ్యలో కిందికి వంగి, పట్టాలు లోపలికి వాలి, వాటి మధ్య దూరం ఇరుకవుతుంది. నేను ఇప్పుడు మేకులు వాడడమే మానేశాను. పట్టాల కింద పరిచే కార్క్ మీద అక్రిలిక్ సీలెంట్‌ను కాగితమంత పలచగా పూసి, పట్టా పెట్టి, ఆరేదాకా పైన బరువులు పెడతాను. రేపు మార్చాలంటే సన్నటి బ్లేడు దూర్చి లేపేయొచ్చు. టర్నౌట్ల కింద మాత్రం ఆ సీలెంట్ కూడా పెట్టను, అటూ ఇటూ ఉన్న పట్టాలే దాన్ని పట్టుకుంటాయి. వంపుల్లో అతుకులు సోల్డర్ చేశాం కాబట్టి, నిటారు భాగాల్లో అక్కడక్కడా విజిటింగ్ కార్డు మందమంత సందు వదలండి. మూడు మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 1 మి.మీ. సాగుతుంది. దానికన్నా తేమకు చెక్క కదిలే కదలికే ఎక్కువ. సందు లేకపోతే ఒకరోజు పొద్దున్నే పట్టా పక్కకు ఉబ్బి కనిపిస్తుంది.

ఇక టర్నౌట్. దాన్ని బొమ్మలా కాకుండా చక్రం చేసే ప్రయాణంలా చూస్తేనే ఇది అర్థమవుతుంది. చక్రం ముందుగా టంగ్ పట్టాల, అంటే పాయింటు మార్చినప్పుడు కదిలే పట్టాల, కొన దగ్గరికి వస్తుంది. అక్కడ రెండు సన్నటి పట్టాల్లో ఒకటి పక్కనున్న కదలని బయటి పట్టాకు, అంటే స్టాక్ పట్టాకు, అతుక్కుని ఉంటుంది, రెండోది విడిగా ఉంటుంది. అతుక్కున్న దాని కొన కొంచెం పైకి లేచినా, కాస్త దూరంగా ఉన్నా ఫ్లాంజ్ దాన్ని చీల్చుకుని తప్పు దారిలోకి దూరుతుంది. వేలి గోరును స్టాక్ పట్టా లోపలి అంచు వెంట జరపండి. టంగ్ కొన గోరుకు తగిలితే చక్రానికీ తగులుతుంది. ఆ కొనను పైనా పక్కనా సన్నటి ఆకురాయితో కాస్త తగ్గిస్తే చాలా కొన్న టర్నౌట్లు అక్కడికక్కడే బాగుపడతాయి.

తర్వాత చక్రం ఫ్రాగ్‌కు వస్తుంది, అంటే రెండు పట్టాలు కోసుకునే వి ఆకారపు చోటు. అక్కడ ఫ్లాంజ్ వెళ్లడానికి పట్టాలో సందు ఉండాలి. సందు ఉంది కాబట్టి చక్రానికి కాసేపు కింద ఆధారం తగ్గుతుంది, పక్కన దారి చూపే అంచు కూడా ఉండదు. ఆ క్షణంలో చక్రం ఫ్రాగ్ ముక్కుకు ఏ పక్కకు వెళ్లాలో నిర్ణయించేది ఫ్రాగ్ కాదు, ఎదుటి వైపు ఉన్న చెక్ పట్టా. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రాన్ని వెనక నుంచి పట్టుకుని, ఇరుసు మొత్తాన్ని తన వైపు లాగి ఉంచుతుంది. దాంతో ఫ్రాగ్ వైపు చక్రం ముక్కును గుద్దుకోకుండా దాటుతుంది. చాలామంది చెక్ పట్టాను అలంకారం అనుకుని చివర్లో అంటిస్తారు. నిజానికి టర్నౌట్ మొత్తంలో నేను ఎక్కువసేపు కొలిచేది దాన్నే.

ఇక్కడ కొలవాల్సింది చెక్ పట్టాకూ దాని పక్క స్టాక్ పట్టాకూ ఉన్న సందు ఒక్కటే కాదు. ఫ్రాగ్ ముక్కు అంచు నుంచి ఎదుటి చెక్ పట్టా పని చేసే అంచు దాకా ఉన్న దూరం ముఖ్యం. దీన్ని చెక్ గేజ్ అంటారు. ఇది తక్కువైతే ఇరుసు ఫ్రాగ్ వైపు జరిగి ఫ్లాంజ్ ముక్కును గుద్దుతుంది, బోగీ ఎగిరి దిగుతుంది. కొన్న టర్నౌట్లలో చెక్ పట్టా సందు వెడల్పుగా ఉంటే, చెక్ పట్టా పని చేసే అంచుకు పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ బద్ద అంటించండి. అతికించి, గేజ్ పెట్టి చూసి, చాలకపోతే ఇంకొకటి. మీరు చెప్పిన లక్షణాలకు ఈ ఒక్క పని చాలే అవకాశం చాలా ఉంది.

టక్కుమని పడే శబ్దం వేరే జబ్బు. హెచ్‌ఓలో ఫ్లాంజ్ సందు ఎక్కువలో ఎక్కువ 1.27 మి.మీ. ఉండొచ్చు. మామూలు చక్రం మొత్తం వెడల్పు 2.8 మి.మీ. ఫ్రాగ్ ముక్కుకు రెండు పక్కలా ఉన్న సందులు కలిపినా చక్రం వెడల్పు కన్నా తక్కువే కాబట్టి, చక్రం ముక్కు మీదికి చేరేదాకా దాని బయటి అంచు వింగ్ పట్టా (ఫ్రాగ్ ముక్కు పక్కన ఉండే వంచిన పట్టా) మీద ఆనుకునే ఉంటుంది. సందులు వెడల్పైతే ఆ ఆధారం పోయి చక్రం గుంటలో పడుతుంది. చూడ్డానికి బాగుంటాయని 2.2 మి.మీ. సన్న చక్రాలు వేసినా అంతే. వాటికి సందులు కూడా సన్నగా కట్టిన టర్నౌట్లు కావాలి. సొంతంగా కట్టుకోవడానికి అసలైన కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. మీ చక్రాలకు సరిపోయే సందులు, మీ వంపుకు సరిపోయే ఆకారం కొన్న వాటిలో దొరకవు.

కట్టాలని ఉంటే మొదటిది లేఅవుట్ మీద కాకుండా ఒక విడి పలక మీద, 6వ నంబరు టర్నౌట్ కట్టండి. నంబరు అంటే, ఫ్రాగ్ దగ్గర ఆరు పాళ్లు ముందుకు వెళితే పట్టా ఒక పాలు పక్కకు విడిపోతుందని. కోణం తొమ్మిదిన్నర డిగ్రీలు. టెంప్లాట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో అసలు సైజు నమూనా ప్రింట్ తీయండి. ప్రింటర్లు తమంతట తాము సైజు తగ్గిస్తాయి, స్కేలు పెట్టి కొలిచాకే వాడండి. దాని మీద రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు స్లీపర్లను డబుల్ సైడ్ టేపుతో అంటించండి. పట్టా నికెల్ సిల్వర్‌ది తీసుకోండి. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. సోల్డర్ బాగా పడుతుంది. కోడ్ 83 అంటే పట్టా ఎత్తు అంగుళంలో 83 వేలవ వంతులు, అంటే 2.1 మి.మీ. మొదటిసారికి అది అనుకూలం. సోల్డర్‌కు రోజిన్ ఫ్లక్స్ వాడండి, యాసిడ్ ఫ్లక్స్ వద్దు. అది స్లీపర్ల కింద మిగిలి ఏళ్ల తరబడి తినేస్తుంది.

నేను ముందు నిటారు స్టాక్ పట్టా సోల్డర్ చేస్తాను. అన్నిటికీ అదే ఆధారం కాబట్టి దాన్ని ఇనుప స్కేలుకు ఆనించి, కన్ను పెట్టి చూసి, ఒక్క వెంట్రుక తేడా కూడా లేకుండా చేస్తాను. తర్వాత ఫ్రాగ్. రెండు పట్టా ముక్కల్లో ఒక్కోదాన్ని సగం కోణానికి అరగదీసి, ఆ అరిగిన ముఖాలు కలిపి సోల్డర్ చేస్తే వి వస్తుంది. దీనికి ఓపిక కావాలి. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. కొనను కత్తిలా వదలకుండా కాస్త మొద్దు చేసి, పైభాగం సన్నటి వెంట్రుకంత తగ్గించండి. చక్రం మొదట వింగ్ పట్టా మీద ఉండి, ఫ్రాగ్ కాస్త మందమయ్యాక దాని మీదికి రావాలి.

ఫ్రాగ్‌ను నిటారు స్టాక్ పట్టా నుంచి గేజ్‌తో నిలబెట్టి, రెండు స్లీపర్లకు మాత్రమే సోల్డర్ చుక్క పెట్టండి. ఒక బోగీ ట్రక్కు (బోగీ కింద చక్రాలుండే చట్రం) పెట్టి తోసి చూడండి. బాగుంటేనే మిగతా స్లీపర్లకు. ప్రతి పట్టాకూ ఇదే పద్ధతి: రెండు చుక్కలు, చక్రం, తర్వాత మిగతావి. ఫ్రాగ్ తర్వాత వింగ్ పట్టాలు, వాటితో కలిసిన మధ్య పట్టాలు, ఆ తర్వాత వంపు స్టాక్ పట్టా వస్తాయి. వంపు పట్టాకు మూడు కాళ్ల గేజ్ వాడండి. రెండు కాళ్లు వంపు బయటి పట్టా మీద, ఒక కాలు లోపలి పట్టా మీద పెడితే, వంపుకు తగ్గట్టు పట్టాల మధ్య దూరం తనంతట తానే కొంచెం వెడల్పవుతుంది. తిప్పి పెడితే ఇరుకవుతుంది. ఈ పొరపాటుతో నా మొదటి రెండు టర్నౌట్లు పారేయాల్సి వచ్చింది, ఎంత బాధ వేసిందో చెప్పలేను.

టంగ్ పట్టాలు అరగదీయడం ఫ్రాగ్ కన్నా కష్టం. పొడవుగా, కొన దాదాపు ఏమీ లేనంత సన్నగా రావాలి. పట్టాను చెక్క ముక్క మీద ఆనించి అరగదీస్తే వంగదు. టంగ్ ఆనే చోట స్టాక్ పట్టా అడుగు అంచును కూడా కొంచెం తీసేస్తే టంగ్ లోపలికి బాగా సర్దుకుంటుంది. పట్టా తల వైపు మాత్రం ముట్టుకోకండి. రెండు టంగ్‌లను, వాటిని కలిపి జరిపే కదిలే స్లీపర్‌కు సోల్డర్ చేసేటప్పుడు మధ్యలో సిగరెట్ కాగితం లాంటిది పెట్టండి, లేకపోతే టంగ్ వెళ్లి స్టాక్ పట్టాకే అంటుకుంటుంది. విడిగా ఉన్న టంగ్‌కూ స్టాక్ పట్టాకూ మధ్య సుమారు 2 మి.మీ. ఉంచండి, వెళ్లే చక్రం వెనక వైపు దానికి తగలకూడదు. చెక్ పట్టాలు చివర్లో, గేజ్ పెట్టి మరీ.

చిన్న ఇంజిన్లు ఆగిపోవడానికి కారణం కరెంటు. కొన్న టర్నౌట్లలో ఫ్రాగ్ ప్లాస్టిక్‌ది అయితే, చిన్న ఇంజిన్‌కు ఒక వైపు చక్రాలన్నీ దాని మీదికి చేరగానే కరెంటు పోతుంది. టంగ్ పట్టాలకు కరెంటు వాటి కీలు నుంచో, స్టాక్ పట్టాను తాకడం నుంచో వస్తుంటే, దుమ్ము చేరిన నెలకు అదీ పోతుంది. సొంతంగా కట్టేటప్పుడు ఒక్కో టంగ్‌ను తన పక్క స్టాక్ పట్టాకే సన్నటి తీగతో కలపండి. అప్పుడు చక్రం వెనక వైపు పొరపాటున తగిలినా షార్ట్ కాదు. ఫ్రాగ్‌కు అటూ ఇటూ పట్టా కోసి విడదీయండి. ఆ కోతల్లో ప్లాస్టిక్ ముక్క అంటించి నింపండి, లేకపోతే ఎండాకాలం అవి కలుసుకుంటాయి. ఫ్రాగ్‌కు కరెంటు పాయింటు మోటారు (టంగ్‌లను కదిపే మోటారు) స్విచ్ నుంచి ఇవ్వాలి, పాయింటు మారగానే దాని ధ్రువం కూడా మారాలి. డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజిన్లకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) వాడేవారికి ఇది తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. ప్రతి స్లీపర్ మీదా రాగి పూతను మధ్యలో గీసి విడగొట్టారో లేదో మల్టీమీటర్‌తో చూడండి, సోల్డరింగ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఒక్క స్లీపర్ మర్చిపోయినా లేఅవుట్ మొత్తం ఆగిపోతుంది, అప్పుడు దాన్ని వెతకడం పెద్ద టెన్షన్.

జాయినర్లను కరెంటుకు నమ్మకండి. మీటరుకు ఒకచోట అయినా పట్టాకు కిందనుంచి తీగ సోల్డర్ చేసి, బల్ల కింద వెళ్లే లావు తీగకు కలపండి. డీసీసీ అయితే వైరింగ్ అయ్యాక లేఅవుట్‌లో అన్నిటికన్నా దూరపు మూలన పట్టాల మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి చూడండి. బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె) వెంటనే ఆగాలి. ఆగకపోతే తీగలు సన్నమయ్యాయని అర్థం, షార్ట్ అయినప్పుడు ఏదో ఒకటి కరిగేదాకా అది తెలియదు.

కాబట్టి మీకు నా సలహా: కొన్న వాటిని ముందు గేజ్‌తో చూసి, చెక్ పట్టాలు, టంగ్ కొనలు సరిచేసి, తీగలు కలపండి. అవి నడుస్తుండగానే పక్కన తీరిక దొరికినప్పుడు ఒకటి కట్టండి. రెండోది మొదటిదాని కన్నా సగం సమయంలో అవుతుంది. అది చేత్తో తోసిన బోగీకీ, వెనక్కి తోసిన పది బోగీల బండికీ, నెమ్మదిగా వచ్చే చిన్న ఇంజిన్‌కీ నిలిచాకే లేఅవుట్‌లోకి తీసుకోండి. వెనక్కి తోసి చూడడం మర్చిపోకండి, లాగేటప్పుడు కనిపించని తప్పులు తోసేటప్పుడు బయటపడతాయి.

కంకర మాత్రం నెల రోజులు ఆగి వేయండి. వేసేటప్పుడు టంగ్ పట్టాల చుట్టూ పొడిగానే ఉంచి, జిగురు నీళ్లు ఆ చోటికి చేరకుండా చూడండి. కదిలే స్లీపర్ కింద, పక్కన ఒక్క రాయి కూడా వద్దు. జిగురు ఆరుతున్నంతసేపూ అరగంటకోసారి పాయింటును అటూ ఇటూ కదుపుతూ ఉండండి. ఎక్కడైనా ఒక చుక్క పాకితే పచ్చిగా ఉన్నప్పుడే తెలుస్తుంది, తడి బ్రష్‌తో తీసేయొచ్చు.